ఈసీజీ మొదలుపెట్టేవాళ్ల సందేహాలు: అల ఎటు నడుస్తుంది, గీత ఎందుకు తిరగబడుతుంది

మొదటి_ఏడాది:
అందరికీ నమస్కారం. ఈసీజీ గీతలో పీ అల అంటే కర్ణికలు (గుండె పై గదులు), క్యూఆర్ఎస్ అంటే జఠరికలు (కింది గదులు) మేలుకోవడం, టీ అంటే జఠరికలు మళ్లీ మామూలు స్థితికి రావడం అని బట్టీ పట్టేశాను. మూడు చోట్ల మాత్రం ఆగిపోతున్నాను.

ఒకటి, గుండె ఒక్కటే, కొట్టుకోవడమూ ఒక్కటే. మరి లీడ్ 2లో పైకి లేచే గీత ఏవీఆర్‌లో కిందికి ఎందుకు దిగుతుంది?

రెండు, డీపోలరైజేషన్‌కి (కణాలు విద్యుత్తుతో మేలుకోవడం) రీపోలరైజేషన్ (మళ్లీ మామూలు స్థితికి రావడం) వ్యతిరేకం అంటారు. అలాంటప్పుడు టీ అల క్యూఆర్ఎస్‌కి తలకిందులుగా ఉండాలి కదా? రెండూ ఒకే వైపు ఉంటున్నాయేం?

మూడు, అభ్యాసానికి ఇచ్చిన ఒక ట్రేసింగ్‌లో లీడ్ 1 మొత్తం తిరగబడి ఉంది. పీ, క్యూఆర్ఎస్, టీ మూడూ కిందికే. ఏవీఆర్ నిటారుగా ఉంది. గుండె కుడివైపు ఉన్న మనిషిదా ఇది?

వాహకం:
మొదటిది తేలితే మిగతా రెండూ సగం తేలినట్టే.

లీడ్ అంటే తీగ అనుకోకండి. ఒంటిమీద రెండు చోట్ల మధ్య వోల్టేజి తేడాని కొలిచే చూపు అది. ప్రతి చూపుకీ ఒక ధన కొస ఉంటుంది. డీపోలరైజేషన్ అల ఆ కొస వైపు వస్తుంటే గీత పైకి లేస్తుంది, దాన్నించి దూరంగా పోతుంటే కిందికి దిగుతుంది, అడ్డంగా పోతే కొంత పైకీ కొంత కిందికీ వెళ్లి సరిపోతుంది. గుండెలో అల మొత్తమ్మీద కుడి భుజం వైపు నుంచి ఎడమ పక్కకి, కిందికి నడుస్తుంది. లీడ్ 2 ధన కొస ఎడమ కాలి మీద ఉంది కాబట్టి అల దాదాపు సూటిగా దాని మీదికే వస్తుంది. ఏవీఆర్ ధన కొస కుడి చెయ్యి. అక్కడ నిలబడి చూస్తే అల వీపు చూపించి వెళ్లిపోతుంటుంది. అందుకే ఒకే అల ఒకచోట కొండ, ఇంకోచోట లోయ.

ఇప్పుడు అల నడక చూడండి. కుడి కర్ణిక పైభాగంలో ఉన్న సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు ప్రేరణ పుట్టిస్తుంది. కర్ణికలకీ జఠరికలకీ మధ్య ఉన్న నారపొర విద్యుత్తుని దాటనివ్వదు. మామూలు గుండెలో దారి ఒక్కటే, ఏవీ నోడ్. అక్కడ వేగం సెకనుకి 0.05 మీటరుకి పడిపోతుంది. ఈ నెమ్మది వల్లే కర్ణికల్లోని రక్తం జఠరికల్లోకి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. కాగితం మీద పీ తర్వాత కనిపించే చదునైన ముక్కలో ఎక్కువ భాగం ఈ ఆలస్యమే. దాటాక హిస్ కట్ట, కుడి ఎడమ శాఖలు, పుర్కింజె తంతువులు. అక్కడ సెకనుకి 2 నుంచి 4 మీటర్లు. అందుకే అంత పెద్ద జఠరికల పని 0.1 సెకనులోపే ముగిసి క్యూఆర్ఎస్ సన్నగా వస్తుంది. ఒక శాఖ మూసుకుపోతే ఆ వైపుకి అల కండరం మీదుగా పాకుతూ వెళ్లాలి. అప్పుడే క్యూఆర్ఎస్ 0.12 సెకను దాటి వెడల్పవుతుంది.

జఠరికల్లో మొదట మేలుకునేది మధ్యగోడ, అదీ ఎడమ నుంచి కుడికి. క్యూఆర్ఎస్‌లో పైకి లేచేది ఆర్, దానికి ముందు దిగేది క్యూ, తర్వాత దిగేది ఎస్. అందుకే ఛాతీ లీడ్లలో రొమ్ము ఎముక కుడి అంచున ఉండే వీ1లో ముందు చిన్న ఆర్, ఎడమ చంక కింద ఉండే వీ6లో ముందు చిన్న క్యూ. ఆ వెంటనే మందపాటి ఎడమ జఠరిక అలని తనవైపు లాగేసుకుంటుంది, వీ1లో లోతైన ఎస్, వీ6లో ఎత్తైన ఆర్ వస్తాయి. ఈ ఒక్క పేరా కళ్లకి కట్టేదాకా బొమ్మ గీసుకోండి.

ఇక టీ. రీపోలరైజేషన్‌లో విద్యుదావేశం తిరగబడుతుందన్నది నిజమే. కానీ నడిచే దిక్కు కూడా తిరగబడుతుంది. డీపోలరైజేషన్ గుండె లోపలి పొర నుంచి బయటి పొరకి వెళ్తుంది. బయటి పొర కణాల యాక్షన్ పొటెన్షియల్ (మేలుకున్నప్పటి నుంచి కోలుకునేదాకా సాగే విద్యుత్ మార్పు) పొట్టిది కాబట్టి చివర మేలుకున్న ఆ పొరే ముందు కోలుకుంటుంది. ఆవేశం ఒకసారి, దిక్కు ఒకసారి, రెండు తిరుగుళ్లూ కలిసి గీత మళ్లీ అదే వైపు వస్తుంది.

పది_తీగలు:
మూడో ప్రశ్నకి నా ఎదురు ప్రశ్న: ఛాతీ లీడ్లు ఎలా ఉన్నాయి? వీ1 నుంచి వీ6కి పోతుంటే ఆర్ పెరుగుతోందా, తగ్గుతోందా?

మొదటి_ఏడాది:
పెరుగుతోంది. వీ1లో చిన్నది, వీ4, వీ5లో బాగా ఎత్తు.

పది_తీగలు:
అయితే గుండె దాని చోటే ఉంది. చేతుల తీగలు తారుమారయ్యాయి. గుండె నిజంగా కుడివైపు ఉంటే వీ6కి పోయేకొద్దీ ఆర్ కుంచించుకుపోవాలి. చేతుల తీగలు మారితే ఛాతీ లీడ్లు చెక్కు చెదరవు.

ఏం జరిగిందో చూడండి. లీడ్ 1 అంటే ఎడమ చెయ్యి లోంచి కుడి చెయ్యి తీసివేత. రెండూ మారితే గుర్తు మారి మొత్తం తలకిందులవుతుంది. లీడ్ 2, లీడ్ 3 ఒకదాని చోట ఒకటి వస్తాయి. ఏవీఆర్, ఏవీఎల్ కూడా అంతే. మీరు ఏవీఆర్ అనుకుని చూస్తున్నది అసలు ఏవీఎల్. ఏవీఎఫ్ మాత్రం మారదు.

మిగతా పొరపాట్లకీ ఒక్కోదానికి ఒక్కో ఆనవాలు ఉంది. కుడి చెయ్యి తీగ, కుడి కాలు తీగ మారితే లీడ్ 2 దాదాపు చదునుగా పడుకుంటుంది. అప్పుడు లీడ్ 2 రెండు కాళ్ల మధ్య తేడాని కొలుస్తోంది, అక్కడ తేడా లేదు. ఎడమ చెయ్యి, కుడి కాలు మారితే చదునయ్యేది లీడ్ 3. పట్టుకోవడం కష్టమైంది ఎడమ చెయ్యి, ఎడమ కాలు మారడం. లీడ్ 3 తిరగబడుతుంది, 1, 2 చోట్లు మారతాయి, చూడ్డానికి మామూలుగానే అనిపిస్తుంది. లీడ్ 1లో పీ అల లీడ్ 2లోని పీ కంటే ఎత్తుగా ఉంటే అనుమానించి పాత ఈసీజీ తీసి పక్కన పెట్టండి. రెండు కాళ్ల తీగలు తమలో తాము మారితే బొమ్మలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు.

రంగులు నమ్ముకుని తగిలించేవాళ్లకి గట్టిగా ఒక మాట. లోకంలో రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో కుడి చెయ్యి ఎరుపు, ఎడమ చెయ్యి పసుపు, ఎడమ కాలు ఆకుపచ్చ, కుడి కాలు నలుపు. రెండోదానిలో కుడి చెయ్యి తెలుపు, ఎడమ చెయ్యి నలుపు, ఎడమ కాలు ఎరుపు, కుడి కాలు ఆకుపచ్చ. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రెండింటిలోనూ ఉన్నాయి, అర్థాలే వేరు. రంగు పక్కన పెట్టి క్లిప్పు మీద అచ్చువేసిన అక్షరం చదవండి.

మొదటి_ఏడాది:
ఇప్పుడు అర్థమైంది, ధన్యవాదాలండీ. తీగలు పది, లీడ్లు పన్నెండు. ఈ లెక్క ఎలా కుదురుతుంది?

ఫిల్టర్_ఏభై:
కుడి కాలు తీగ ఏ లీడ్‌లోనూ ఉండదు. మెషిన్ దాన్ని రొద (గుండెది కాని అక్కర్లేని విద్యుత్ సంకేతాలు) తగ్గించడానికి వాడుకుంటుంది. మిగిలిన మూడు అవయవాల జతలతో లీడ్ 1, 2, 3. అవే మూడింటిలో ఒక్కోదాన్ని మిగతా రెండింటి సగటుతో పోలిస్తే ఏవీఆర్, ఏవీఎల్, ఏవీఎఫ్. ఆ మూడింటి సగటుని సున్నా అనుకుని ఛాతీ మీది ఆరింటినీ దానితో పోలిస్తే వీ1 నుంచి వీ6. ఆ సగటు బిందువుకే విల్సన్ సెంట్రల్ టెర్మినల్ అని పేరు.

దీని వల్ల ఒక మంచి తనిఖీ చేతికొస్తుంది. ఏ క్షణంలోనైనా లీడ్ 1, లీడ్ 3 కలిపితే లీడ్ 2 రావాలి. ఐంథోవెన్ నియమం ఇది. ఆయన తన స్ట్రింగ్ గాల్వనోమీటర్‌తో తీసేటప్పుడు మనిషి రెండు చేతులూ ఎడమ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో ముంచి కూర్చునేవాడు. ఈ మూడు లీడ్లూ అప్పటివే. 1924లో నోబెల్ ఆ పనికే వచ్చింది. పీ, క్యూ, ఆర్, ఎస్, టీ పేర్లు కూడా ఆయన పెట్టినవే.

తీగలు తారుమారైనా ఈ కూడిక నిలుస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. కూడిక సరిపోయినంత మాత్రాన తీగలు సరిగ్గా ఉన్నాయని కాదు.

రాత్రి_డ్యూటీ:
కొత్తవాళ్లు ఎక్కువ తప్పు చేసేది ఛాతీ మీద. పది_తీగలు గారూ, అది కూడా వివరంగా రాయండి.

పది_తీగలు:
తప్పకుండా. పక్కటెముకలు వేలితో లెక్కపెట్టకుండా, కంటి అంచనాతో అంటించడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

గొంతు కింద గుంటలో వేలు పెట్టి రొమ్ము ఎముక మీదుగా మెల్లగా కిందికి జరపండి. నాలుగైదు సెంటీమీటర్లు దిగాక అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. ఆ గట్టుకి పక్కన ఆనుకుని ఉన్నది రెండో పక్కటెముక. దాని కింద సందు రెండో సందు. అక్కణ్ణుంచి మూడు, నాలుగు. నాలుగో సందులో రొమ్ము ఎముక కుడి అంచున వీ1, ఎడమ అంచున వీ2. తర్వాత వీ3కి వెళ్లకండి, ముందు వీ4 పెట్టాలి. ఐదో సందులో, కాలర్ ఎముక నడిమధ్య నుంచి నిట్టనిలువుగా దిగే గీత మీద. వీ2, వీ4 మధ్యలో వీ3. వీ5 చంక ముందు మడత గీత మీద, వీ6 చంక నడిమి గీత మీద. ఈ రెండూ వీ4తో ఒకే అడ్డగీతలో ఉండాలి. ఐదో సందు వెంట పోతే ఎముకతోపాటు ఎలక్ట్రోడ్ పైకి ఎక్కిపోతుంది. స్త్రీలకి వీ4 నుంచి వీ6 స్తనం కింది మడతలో పెట్టడం వాడుక. ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, అనుమతి అడిగి, పైన దుప్పటి కప్పి చేయండి.

వీ1, వీ2 ఒకటి రెండు సందులు పైకి పోతే ఏమవుతుంది? ఆర్ చిన్నదైపోయి ముందుగోడలో పాత గుండెపోటు మచ్చ ఉన్నట్టు కనిపిస్తుంది. లేదా క్యూఆర్ఎస్ చివర ఇంకో చిన్న ఆర్ మొలిచి కుడి శాఖలో అడ్డు ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. వీ1లో పీ అల పూర్తిగా కిందికి ఉంటే ఎలక్ట్రోడ్ పైన అంటించారేమో చూసుకోండి. లేని జబ్బు పేరు మనిషి కాగితాల్లోకి ఎక్కేది ఇలాగే.

చర్మం సంగతి. చెమట, నూనె ఉంటే తుడిచి, పొడిగా అయ్యాక గాజ్ గుడ్డతో (కట్లు కట్టే పలచటి గుడ్డ) రెండుసార్లు తేలిగ్గా రుద్దండి. స్పిరిట్ వాడితే ఆరనివ్వండి. వెంట్రుకలు ఎక్కువుంటే ఆ చోట కత్తిరించాలి. ప్యాకెట్ తెరిచి ఎక్కువ కాలం ఉన్న ఎలక్ట్రోడ్లలో జెల్ ఎండిపోతుంది, వేలితో తాకితే తడి తగలాలి. సక్షన్ బల్బులు వాడేచోట జెల్ ఒక ఎలక్ట్రోడ్ నుంచి పక్కదానికి పాకితే రెండూ కలిసి ఒకటే అయిపోతాయి. వీ2, వీ3 అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తే ముందు జెల్ చూడండి.

చేతులు కాళ్ల తీగలు మణికట్టు, చీలమండల దగ్గర. వణుకు వల్ల భుజం మీదికో తుంటి మీదికో జరపాల్సి వస్తే కాగితం మీద రాయండి. పడుకోలేక కూర్చోబెట్టి తీసినా రాయండి. రెండింటి వల్లా బొమ్మ మారుతుంది, రేపు దీన్ని పాతదానితో పోల్చేవాళ్లకి ఆ సంగతి తెలియాలి.

ఫిల్టర్_ఏభై:
రొద గురించి నేను కలుపుతాను.

ఏ తీగ పాడైందో వెతకడానికి అన్నీ పీకక్కర్లేదు. లీడ్ 1, 2లో రొద ఉండి 3 శుభ్రంగా ఉంటే తప్పు కుడి చెయ్యిలో. 1, 3 చెడి 2 బాగుంటే ఎడమ చెయ్యి. 2, 3 చెడి 1 బాగుంటే ఎడమ కాలు. చెడిన రెండింటిలో ఉమ్మడిగా ఉన్న అవయవమే అపరాధి.

గీత మొత్తం మందంగా, రంపంపళ్లలా సమానంగా ఉంటే కరెంటు రొద. లెక్కపెట్టి తేల్చుకోవచ్చు: 50 హెర్ట్జ్ సరఫరా అయితే కాగితం మీది ఒక పెద్ద గడిలో (0.2 సెకనులో) సరిగ్గా 10 పళ్లు, 60 అయితే 12. తీగలు కరెంటు వైర్ల మీద పడి ఉన్నాయా, ఏదైనా ఎలక్ట్రోడ్ వదులైందా చూడండి. పళ్లు అడ్డదిడ్డంగా ఉంటే కండరాల వణుకు. చలికి వణుకుతుంటే దుప్పటి ఇవ్వండి. గీత నెమ్మదిగా అలలా లేచి దిగుతుంటే ఊపిరి, కదలిక, లేదా సరిగ్గా అంటని ఎలక్ట్రోడ్.

పార్కిన్సన్ వణుకు దగ్గర జాగ్రత్త. అది సెకనుకి 4 నుంచి 6 సార్లు. 5 అనుకుంటే నిమిషానికి 300, ఏట్రియల్ ఫ్లట్టర్ అనే లయ జబ్బులో కర్ణికల వేగం కూడా దాదాపు అంతే. ఒకచోట రంపంపళ్లు కనిపించి, వణకని అవయవాల మధ్య లీడ్‌లో చక్కటి పీ అలలు ఉంటే అది ఫ్లట్టర్ కాదు.

ఫిల్టర్ మీట నొక్కి అందంగా చేసేయడం సులువు, కానీ దానికో మూల్యం ఉంది. జబ్బు నిర్ధారణకి తీసే ఈసీజీకి 0.05 నుంచి 150 హెర్ట్జ్ ఉండాలి. పైహద్దు 40కి దించితే క్యూఆర్ఎస్ ఎత్తు తగ్గుతుంది, చిన్న గాట్లు మాయమవుతాయి. మానిటర్లలో కిందిహద్దు 0.5 దాకా పెంచుతారు, అది ఎస్టీ భాగాన్ని (క్యూఆర్ఎస్‌కీ టీకీ మధ్య ముక్క) వంచేయగలదు. మానిటర్ తెర మీద ఎస్టీ తేడా చూస్తే పన్నెండు లీడ్ల కాగితం తీసి ఖాయం చేసుకోండి. కాగితం అంచున ఈ అంకెలు అచ్చవుతాయి, చదవడం అలవాటు చేసుకోండి.

మొదటి_ఏడాది:
కాగితం చేతికొచ్చాక ఏ వరసలో చదవాలి?

కాలిపర్:
అన్నిటికంటే ముందు పేరు, వయసు, తీసిన సమయం. తర్వాత కొలత గుర్తు: నిలువున 10 మిల్లీమీటర్లు ఉందా? అంటే 1 మిల్లీవోల్ట్. సగం కొలతలో తీసి ఉంటే గుర్తు 5 మిల్లీమీటర్లే ఉంటుంది, పెద్ద క్యూఆర్ఎస్‌లన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. వేగం సెకనుకి 25 మిల్లీమీటర్లు అయితే చిన్న గడి 40 మిల్లీసెకన్లు, పెద్ద గడి 200.

తర్వాత ఏవీఆర్. పీ, క్యూఆర్ఎస్ అక్కడ కిందికి ఉండాలి. లేకపోతే పైన పది_తీగలు గారు రాసినవన్నీ చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

లయ క్రమంగా ఉంటే రెండు ఆర్‌ల మధ్య పెద్ద గడులతో 300ని భాగించండి. ఇంకా కచ్చితంగా కావాలంటే చిన్న గడులతో 1500ని. లయ అస్తవ్యస్తంగా ఉంటే ఈ రెండూ పనికిరావు, 10 సెకన్ల స్ట్రిప్‌లో క్యూఆర్ఎస్‌లు లెక్కపెట్టి 6తో గుణించండి. ప్రతి క్యూఆర్ఎస్ ముందు పీ ఉందా, ప్రతి పీ వెనక క్యూఆర్ఎస్ ఉందా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు, రెండూ అడగాలి. పీఆర్ (పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా) 120 నుంచి 200 మిల్లీసెకన్లు. పెరుగుతూ పెరుగుతూ ఒక క్యూఆర్ఎస్ రాలిపోతే వెంకెబాక్. పీఆర్ మారకుండా ఉన్నట్టుండి రాలిపోతే మోబిట్జ్ రెండో రకం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, అడ్డు సాధారణంగా ఏవీ నోడ్ దిగువన ఉంటుంది. పీలు, క్యూఆర్ఎస్‌లు వేటి దారిన అవి పోతుంటే పూర్తి అడ్డు.

అక్షం, అంటే జఠరికల అల మొత్తమ్మీద నడిచే దిక్కు: లీడ్ 1, ఏవీఎఫ్ రెండూ పైకి ఉంటే మామూలే. 1 పైకి, ఏవీఎఫ్ కిందికి ఉంటే లీడ్ 2 చూడండి. అదీ కిందికే ఉంటేనే ఎడమకి ఒరిగినట్టు.

ఎస్టీని ఒక్కో లీడ్‌గా కాదు, గుంపుగా చూడాలి. 2, 3, ఏవీఎఫ్ కింది గోడ. 1, ఏవీఎల్, వీ5, వీ6 పక్క గోడ. వీ1 నుంచి వీ4 ముందు గోడ, మధ్యగోడ. ఇరుగుపొరుగు లీడ్లు రెండింటిలో 1 మిల్లీమీటరు లేస్తే లెక్కలోకి తీసుకోవాలి. వీ2, వీ3లో హద్దు ఎక్కువ: 40 దాటిన మగవాళ్లకి 2, అంతకంటే చిన్నవాళ్లకి 2.5, ఆడవాళ్లకి 1.5 మిల్లీమీటర్లు. ఎదుటి గోడ లీడ్లలో అదే సమయంలో ఎస్టీ దిగి ఉంటే గుండెపోటు అనుమానం బలపడుతుంది. ఇంచుమించు అన్ని లీడ్లలో లేచి, ఏవీఆర్, వీ1 తప్ప ఎదురుగా ఎక్కడా దిగకపోతే పెరికార్డైటిస్ (గుండె చుట్టూ ఉన్న పొర వాపు) గురించి కూడా ఆలోచించాలి.

రాత్రి_డ్యూటీ:
ఇక్కడ ఒక్క మాట చెప్పి తీరాలి. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. అది మామూలుగా వచ్చిందని గుండెపోటు లేదనుకోకూడదు. ఈసీజీ ఆ 10 సెకన్ల మాట మాత్రమే చెబుతుంది. నొప్పి తగ్గకపోయినా, మళ్లీ వచ్చినా మళ్లీ తీయండి, ఎలక్ట్రోడ్ల చోట్లు మార్చకుండా. వీ1 నుంచి వీ3 దాకా ఎస్టీ దిగి ఉంటే వెనుక గోడ కోసం వీ7, వీ8, వీ9 తీయాలి. కింది గోడ దెబ్బతింటే కుడి వైపు వీ4 కూడా. ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిందా అని చూసే రక్తపరీక్ష) దాని పని అది చేస్తుంది.

ఇంకోటి, పొటాషియం. ఎక్కువైతే టీ సన్నగా, మొనదేలి, గుడారంలా లేస్తుంది. ఇంకా పెరిగితే పీ చదునవుతుంది, పీఆర్ సాగుతుంది, క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది, చివరికి అంతా ఒకే పెద్ద అలగా కలిసిపోతుంది. ఈ వరస ప్రతి ఒక్కరిలో ఇదే క్రమంలో రావాలని లేదు. కిడ్నీ జబ్బున్న మనిషిలో క్యూఆర్ఎస్ కొత్తగా వెడల్పయితే రక్తం ఫలితం వచ్చేదాకా ఊరుకోకుండా వెంటనే పెద్ద డాక్టరుకి చెప్పండి. పొటాషియం తగ్గితే టీ చదునై, దాని వెనక యూ అల పైకి తేలుతుంది.

మొదటి_ఏడాది:
అన్నీ రాసుకుని ఇంకో అభ్యాస స్ట్రిప్ కొలిచాను. ఆడమనిషిది. ఆర్ నుంచి ఆర్‌కి 15 చిన్న గడులు, పీఆర్ 4, క్యూఆర్ఎస్ 2, క్యూటీ (క్యూఆర్ఎస్ మొదలు నుంచి టీ ముగింపు దాకా) 10. అంటే వేగం 100, పీఆర్ 160, క్యూఆర్ఎస్ 80, క్యూటీ 400. బజెట్ సూత్రంతో క్యూటీసీ (గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ) 516 వచ్చింది. 500 దాటింది కాబట్టి ప్రమాదమే కదా?

కాలిపర్:
లెక్క సరిగ్గానే చేశారు. 400ని 0.6 వర్గమూలంతో భాగిస్తే 516. కానీ వేగం ఎక్కువున్నప్పుడు బజెట్ అంకెని మరీ పైకి నెడుతుంది. ఫ్రిడెరీషియా సూత్రంలో ఘనమూలం వాడతారు, దాంతో 474. ఆడవాళ్లకి 460 దాటితే ఎక్కువ కిందే లెక్క, కాబట్టి ఇంకా వదలకూడదు.

అయితే మీ అంకెలే ఇంకో సంగతి చెబుతున్నాయి. ఆర్ఆర్ 15 గడులు, అందులో తర్వాతి పీఆర్ 4 గడులు తీసేస్తే 11. అంటే క్యూఆర్ఎస్ మొదలైన 11 గడులకే తర్వాతి పీ వచ్చేస్తోంది. మీ టీ 10వ గడి దాకా ఉందంటున్నారు. మధ్య ఒక్క గడే మిగిలింది. ఇంత ఇరుకులో టీ తోకకి యూ అలో, పీ మొదలో అంటుకుని ఉండొచ్చు. లీడ్ 2లోనో వీ5లోనో టీ దిగే వాలులో అన్నిటికంటే నిటారుగా ఉన్న చోట స్కేలు ఆనించి గీత గీయండి. అది సున్నా గీతని తాకిన చోటే టీ ముగింపు. రెండు మూడు బీట్లలో కొలిచి సగటు తీయండి.

మొదటి_ఏడాది:
గీశాను. లీడ్ 2లో మూడు బీట్లు కొలిస్తే మూడింటిలోనూ 9 గడులే వచ్చింది. టీ అయిపోయాక ఒక చిన్న గుబ్బ ఉంది, నేను దాన్ని కూడా టీలో కలిపేశాను.

కాలిపర్:
అంటే క్యూటీ 360. బజెట్‌తో 465, ఫ్రిడెరీషియాతో 427. ఒక్క చిన్న గడి ఫలితాన్ని 50 మిల్లీసెకన్లు మార్చేసింది చూడండి. ఈ వేగంలో బజెట్ అంకె పైకి నెట్టినదే, ఫ్రిడెరీషియా ప్రకారం మామూలు హద్దులోనే ఉంది. ఆ గుబ్బ యూ అల అయితే వీ2, వీ3లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ చూసి, ఉంటే పొటాషియం ఎంతో అడగండి.